కోట హోటల్లో చేసిన ప్రార్థన

ముందే చెప్పేస్తున్నాను, నాకు రాయడం రాదు. ఐదో తరగతి సగంలో బడి మానేసినదాన్ని. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ తడుముకుంటాను. ఇంతవరకు ఒక ఉత్తరం ముక్క కూడా రాసి ఎరగను. మా పాప చూసి దిద్దుతానంది గానీ, అది డ్యూటీ చేసి అలిసిపోయి వస్తుంది, ఎన్నని దిద్దుతుంది? ఒక మాట ఎక్కడో మొదలై ఇంకెక్కడికో పోతే మీరే సర్దుకుని చదువుకోవాలి. పెన్ను పట్టుకుంటే చెయ్యి బిగుసుకుపోతోంది.

చర్చిలో నన్ను సాక్ష్యం చెప్పమని రెండుసార్లు పిలిచారు. "మీ ఆయన ఎంత మనసు నెమ్మదితో పోయాడో చెప్పమ్మా, పదిమందికి ధైర్యం వస్తుంది" అన్నారు. రెండుసార్లూ లేచి, మైకు పట్టుకుని, ఏమీ చెప్పకుండానే కూర్చున్నాను. ఏడుపొచ్చి ఆగిపోయాననుకున్నారు. ఏడుపు కాదు. నోరు తెరిస్తే అబద్ధమైనా చెప్పాలి, నిజమైనా చెప్పాలి. రెండూ రాలేదు. అందుకని పాప పాత నోటుబుక్కు తీసుకున్నాను.

మాది కడప పక్క. పెళ్ళయిన రెండేళ్ళకు బెంగళూరు వచ్చాం. చందాపురలో ఒకే వీధిలో మూడు ఇళ్ళు మారాం గానీ ఆ వీధి దాటలేదు. మా ఆయన ఒక పెద్దాసుపత్రి వంటింట్లో ఇరవై ఏళ్ళ పైన పని చేశాడు. రోగులకు గంజి, రాగి అంబలి, ఉప్పు లేని పప్పు చేసి, వాటిని తోపుడు బండి మీద పెట్టుకుని వార్డు వార్డుకు తిప్పేవాడు. నేను ఎలక్ట్రానిక్ సిటీలో చిన్నపిల్లల బడిలో ఆయాని. పాప అదే ఆసుపత్రిలో నర్సయింది. అల్లుడు కంపెనీలో పని చేస్తాడు.

ఏడాదికోసారి మా చర్చిలో అందరం కలిసి కూర్చుని తినే ప్రేమ విందు ఉంటుంది. దానికి వంట ఎప్పుడూ మా ఆయనదే. తెల్లారకముందే పోయి పొయ్యి రాజేసేవాడు. నాలుగు వందల మందికి బిర్యానీ చేసి, చివరి మనిషి తిన్నాకే తను కూర్చునేవాడు. అప్పటికి అడుగున మాడింది మిగిలేది. అదే ఇష్టంగా తినేవాడు. "అడుగున ఉండేదే అసలు రుచి" అనేవాడు. నిజంగా ఇష్టమో, మిగిలింది అదే కాబట్టి అట్లా అనేవాడో నాకు తెలీదు.

ఆ మనిషికి ముద్ద గొంతు దిగడం మానేసింది.

ముందు చపాతీ దిగలేదు. తర్వాత అన్నం. ప్రతి ముద్దకూ నీళ్ళు తాగేవాడు, ఆ నీళ్ళూ వెనక్కి వచ్చేవి. పాప తన ఆసుపత్రిలోనే చూపించింది. గొట్టం వేసి చూశారు, ముక్క తీశారు. ఫలితం వచ్చిన రోజు డాక్టరు ఆయన్ను బయట కూర్చోబెట్టి పాపను, నన్ను లోపలికి పిలిచాడు. అన్నవాహికలో క్యాన్సర్, ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది, మహా అయితే ఆరు నెలలు అన్నాడు. పాప ఇంగ్లీషులో ఏవేవో అడిగింది. నేను గోడ మీద గడియారం చూస్తూ నిలబడ్డాను.

బయటికి వచ్చేముందు పాప నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నాన్నకు చెప్పొద్దు. తెలిస్తే రేపటినుంచే మంచం పట్టేస్తాడు. పుండు అని చెబుదాం" అంది. సరేనన్నాను. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు కదా అనుకున్నాం. రిపోర్టు బీరువాలో నా చీరల కింద పెట్టాను. ఆ రోజునుంచి ఇంట్లో నా పని ఒకటే. ఆయనకు తెలియకూడదు. దాని కోసమే లేచేదాన్ని, దాని కోసమే నవ్వేదాన్ని. గంజి వడకట్టి ఇస్తూ "ఇంకో నెలలో బిర్యానీ తింటావులే" అనేదాన్ని. ఆయన "అట్లనే" అనేవాడు.

అప్పుడు అల్లుడి కంపెనీవాళ్ళు కుటుంబాలతో సహా విందుకు పిలిచారు. దేవనహళ్ళి పోయే దారిలో కొత్తగా పెట్టిన హోటల్. నాకు పోవాలని లేదు. తినలేని మనిషిని విందుకు ఎట్లా తీసుకుపోతాం? ఆయనే పట్టుబట్టాడు.

"పోదాం పా. నేను తినకపోతే ఏం? వాళ్ళు ఎట్ల వండినారో చూడొద్దా?"

"చూసి ఏం జేస్తావు?"

"వంకలు పెడతా. నాకు వచ్చిన విద్య అదొకటేగా ఇంక."

సాయంత్రం ఐదింటికి కంపెనీ బస్సు ఎక్కితే ట్రాఫిక్‌లో పడి రెండు గంటల పైనే పట్టింది. హోటల్ ముందు భాగం కోటలాగా కట్టారు. రాతి గోడ అనుకుని నేను చెయ్యి పెట్టాను, లోపల డొల్ల, టప్‌మని మోగింది. మా ఆయన నవ్వాడు.

"నిజం కోట ఆ పక్క దేవనహళ్ళిలో ఉండాది కదప్పా. దాన్ని వదిలి దీనికి డబ్బులిచ్చి వస్తాండారా జనం?" అని అల్లుణ్ణి అడిగాడు.

"మామయ్యా, ఇది థీమ్ డిన్నర్. పాతకాలం ఇంగ్లీషు రాజుల టైపు. ఇక్కడ స్పూన్లు ఇవ్వరు, అందరూ చేత్తోనే తినాలి."

"మనమెప్పుడు స్పూన్లతో తిన్యాం? అయితే ఇన్నాళ్ళూ మనమూ రాజులమేనన్నమాట."

అల్లుడు పగలబడి నవ్వాడు. వాడు మంచి పిల్లాడే. మామ అంటే ప్రాణం. అందరితో హాస్యాలాడతాడు, అంతే.

గుమ్మం దగ్గర ఒకామె అందరి తలకూ కాగితం కిరీటం పెట్టింది. లోపల చీకటిగా ఉంది. పొడుగాటి చెక్క బల్లలు, వాటికి రెండు వైపులా బెంచీలు. కొవ్వొత్తులు నిజమైనవి కావు, బ్యాటరీవి. ఒక అరుగు మీద రాజూ రాణీ వేషం వేసుకుని కూర్చున్నారు. వడ్డించేవాళ్ళకు భటుల వేషం. వాళ్ళు వేసుకున్న ఇనప చొక్కా ఇనుము కాదు, ఉన్నితో అల్లి వెండి రంగు కొట్టింది, వంగి గిన్నె పెడుతుంటే పెయింటు వాసన వచ్చింది. ఒకడు బాకా ఊదాడు. ఇంకొకడు డోలు కొడుతూ ఇంగ్లీషులో, మధ్యమధ్య కన్నడంలో ఏదో అరిచాడు. అందరూ బల్లలు గుద్దారు. మా ఆయనకు కుడికంటిలో శుక్లం, ఆ చీకట్లో ఎంత కనబడిందో ఏమో. అయినా బల్ల మీద రెండు దెబ్బలు వేశాడు. కిరీటం చెవుల మీదికి జారింది. అంత సన్నబడిపోయాడని నాకు అప్పుడు తెలిసింది.

మా బల్లకు పెద్ద చెక్క పళ్ళెంలో నిండు కోళ్ళు, ఒక మేక తొడ తెచ్చి పెట్టారు. ఆవిరి లేస్తోంది. చుట్టుపక్కలవాళ్ళు రెండు చేతులతో పీకి తినడం మొదలుపెట్టారు. మా ఆయన మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దిగదు కదా, అందుకని అనుకున్నాను. అది కాదు. మా ఇంట్లో ప్రార్థన చెయ్యకుండా మెతుకు ముట్టం. ఆయన ఎక్కడికి పోయినా అదే అలవాటు. పెళ్ళి భోజనమైనా, బస్టాండులో ఇడ్లీ అయినా, ఎవరో ఒకరు కళ్ళు మూసుకుని రెండు మాటలు చెప్పాల్సిందే. పాస్టరు ఉంటే పాస్టరు, లేకపోతే ఇంటి పెద్ద. కొత్తగా కొట్టు పెట్టినా, ఆటో కొన్నా పాస్టరు వచ్చి ప్రార్థన చేస్తేనే మొదలు.

ఆయన అల్లుడి వైపు వంగాడు. "ఎవురు చేస్తారప్పా ప్రార్థన?"

అల్లుడి నోటి నిండా కోడి ఉంది. అప్పుడే అవతలి బల్లల మధ్యనుంచి ఒక వేషగాడు వస్తున్నాడు. తెల్ల అంగీ, ఎర్ర శాలువా, తల మీద పొడుగాటి మొన టోపీ, దాని మీద బంగారు కాగితంతో సిలువ, చేతిలో వంపు కర్ర. పాతకాలం బిషప్ వేషమది. కోడి పళ్ళేల మీద చెయ్యి చాపి, ముక్కుతో ఏవో అర్థం లేని మంత్రాలు చదివి, పన్నీరు చల్లి పోతున్నాడు. అందరూ నవ్వుతున్నారు.

అల్లుడు అటు చూపించి, "అదిగో మామయ్యా, బిషప్ గారే వస్తున్నారుగా మీ కోసం!" అన్నాడు.

ఆ మాట నేను విన్నాను. నవ్వాను కూడా. ఆయన నమ్ముతాడని నాకు తోచలేదు. కానీ ఆయన ఎందుకు నమ్మడు? మా ఊళ్ళో చిన్నప్పుడు చర్చిలో సభ్యుడిగా చేర్చుకునే నిర్ధారణ ప్రార్థనలో ఆయన తల మీద చెయ్యి పెట్టిన బిషప్ గారిది ఇదే టోపీ, ఇదే కర్ర. హోటల్ కొత్తది. ఓనరు మన క్రైస్తవుడే అయి ఉంటాడు, ప్రారంభానికి అయ్యగారిని పిలిచి ఉంటాడు అనుకున్నాడు. ఇది తర్వాత ఆయనే నాతో చెప్పాడు.

ఆ వేషగాడు మా బల్ల దగ్గరికి వచ్చి కోడి మీద చెయ్యి చాపాడు. మా ఆయన లేచాడు. కిరీటం తీసి బల్ల మీద పెట్టాడు. చెప్పులు విప్పాడు. బెంచీ దాటి, అతని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు. ఇద్దరు ముగ్గురు ఫోన్లు తీసి పట్టుకున్నారు. డోలువాడు కూడా చూద్దామని కొట్టడం ఆపాడు. దాంతో మా ఆయన మాట మా బల్లకంతా వినబడింది.

"అయ్యగారూ, నాకు గొంతులో క్యాన్సరు ఉండాది. నాకోసం అడగడంల్యా. నా పని అయిపోయింది, నాకు తెలుసు. నాకు తెలుసని మా ఇంట్లోవాళ్ళకు తెలీదు."

పాప చేతిలోని ముక్క పళ్ళెంలో పడింది.

"నన్ను ఆ డాక్టరు రూము ముందు కూచోబెట్టిన పొద్దే నాకు తెలిసిపోయ. ఇరవై ఏండ్లు ఆ వార్డుకు గంజి మోసినోణ్ణి. ఆ డాక్టరు కాడికి ఎవురు పోతారో, గొట్టం ఎవురికి ఏస్తారో, వాళ్ళ బెడ్డు ఎన్ని దినాలకు ఖాళీ అవుతాదో నాకు తెలీదా? గంజి గ్లాసులు తగ్గించుకుంటా వచ్చేది నేనే గదా. మా ఆడమనిషి పొద్దంతా నాతో నగతాది. నీళ్ళ కొళాయి తిప్పి పెట్టి బాత్రూములో ఏడుస్తాది. ఆమెకు చెప్పాలంటే నాకు నోరు రాలేదయ్యా. మా ఇంట్లో ఈ దాపరికం పోవాల. ఆమెకు ధైర్నం ఇయ్యమని తలమీద చెయ్యి పెట్టి అడగండి."

ఆ వేషగాడికి పాతికేళ్ళుంటాయేమో. అంటించుకున్న తెల్ల గడ్డం ఒక పక్క ఊడి వేలాడుతోంది. చాపిన చెయ్యి అట్లాగే గాలిలో ఉంది. "అంకుల్, ఎద్దేళి, ఎద్దేళి" అన్నాడు మెల్లగా, లేవండి లేవండి అని. మా ఆయన లేవలేదు, తల ఇంకా వంచాడు. అప్పుడు ఆ పిల్లాడు దిక్కు తోచక చుట్టూ చూశాడు. నా మీద కళ్ళు పడ్డాయి.

నేను చేసింది ఇది. అతనికి రెండు చేతులూ జోడించాను. నిజం చెప్పొద్దు, చెయ్యి పెట్టు అన్నట్టు తల ఊపాను.

అతను కర్ర బల్లకు ఆనించాడు. మా ఆయన తల మీద చెయ్యి పెట్టాడు. ముందు పెదాలు మాత్రం కదిలాయి. చివరికి "దేవరు ఒళ్ళేదు మాడ్లి" అన్నాడు. దేవుడు మంచి చేయనీ అని. వాళ్ళ ఇంట్లో పెద్దవాళ్ళు అనే మాట అయి ఉంటుంది. బెంగళూరు బిషప్ కన్నడంలో ప్రార్థన చెయ్యడంలో వింతేముంది? మా ఆయన గట్టిగా "ఆమేన్" అన్నాడు.

మళ్ళీ చప్పట్లు. మళ్ళీ డోలు. ఫోన్లు పట్టుకున్నవాళ్ళు ఇంకో పక్కకు తిరిగారు.

ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. చేతులు తుడుచుకుని, మేక తొడ దగ్గరికి లాక్కుని, ఎముక పక్కనుంచి మెత్తటి మాంసం వొలిచి పాప పళ్ళెంలో, అల్లుడి పళ్ళెంలో, నా పళ్ళెంలో పెట్టాడు. ప్రేమ విందులో పెట్టినట్టే.

"తినండి. ప్రార్థన అయిపోయ కదా."

ఎవరికి దిగుతుంది? పాప తల దించుకుని ఏడుస్తోంది. అల్లుడు కిరీటం తీసేసి రెండు చేతులతో నలిపేస్తున్నాడు. ఆయన వేలితో మసాలా తీసి నాలుక కొసకు తాకించుకున్నాడు.

"మిరియాలు తక్కువ. తొడ లోపల పచ్చిగా ఉండాది. తొందర పడినారు."

నాకు ఆ ముక్క తినక తప్పలేదు. ఆయన చూస్తున్నాడు. నమిలాను, నమిలాను, దిగలేదు. ఆయనకు రోజూ ఇట్లాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను.

చెయ్యి కడుక్కుందామని పక్క వసారాలోకి పోతే ఆ వేషగాడు అక్కడ నిలబడి ఉన్నాడు. టోపీ చంకలో పెట్టుకున్నాడు. గడ్డం పూర్తిగా పీకేశాడు. దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నేను నాటకాలోణ్ణి. అంకుల్‌కి గొత్తాగలేదు, తెలీలేదు అనిపిస్తాది. నేను పోయి నిజం చెప్పేదా?"

"వద్దప్పా."

"నాకు పాపం తగులుతుందేమో అమ్మా. సుమ్నే, ఊరికే కామెడీకి చేసేది ఇది."

"నీకెందుకు తగులుతుంది? పెట్టమని చెప్పింది నేను కదా" అన్నాను. అతను ఇంకేదో అనబోయాడు, లోపలినుంచి ఎవరో పిలిచారు. టోపీ పెట్టుకుని పోయాడు. అది కాస్త వంకరగా పెట్టుకున్నాడు. సరిచేసుకోమని చెబుదామనుకున్నాను, చెప్పలేదు.

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. చాలా దూరం వచ్చాక నా చెయ్యి తీసుకుని తన మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఏమే, రిపోర్టు చీరల కింద పెట్టినావు కదా. నీలం చీర కింద."

"ఎప్పుడు చూసినావు?"

"చూసి ఏం చదవాల? నువ్వు ఆ చీర కట్టుకోవడం మానేసినావు. అందుకని ఎత్తి చూసినా."

ఆ తర్వాత ఐదు నెలలు ఉన్నాడు. మంచి రోజులని చెప్పలేను. పొట్టకు గొట్టం పెట్టారు, అందులోకి నేనే అంబలి పోసేదాన్ని. నొప్పికి కేకలు పెట్టేవాడు, మందు వేస్తే మత్తుగా పడుండేవాడు. చివరికి ఎముకలు తప్ప ఏమీ లేవు. కానీ దాచుకోవడం మాత్రం పోయింది. సమాధి ఎక్కడ, పెట్టెకు ఏ రంగు గుడ్డ, నేను ఎవరి దగ్గర ఉండాలి, అన్నీ మాట్లాడుకున్నాం. ఆయన ముందే ఏడ్చేదాన్ని. కొళాయి తిప్పే పని లేకుండా పోయింది.

వచ్చినవాళ్ళందరికీ ఆయన ఆ ప్రార్థన సంగతి చెప్పేవాడు. "నాకు బిషప్ గారే తలమీద చెయ్యి పెట్టినారు. పెట్టిన నిమిషానికే మా ఇంట్లో ముడి ఇడిపోయ" అనేవాడు. మా పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచి "ఏ బిషప్ గారమ్మా?" అని అడిగారు. "దేవనహళ్ళి పక్క ఎవరో, పేరు తెలీదయ్యగారూ" అన్నాను. పాప విని లోపలికి పోయింది. అల్లుడు ఒకరోజు నా కాళ్ళ దగ్గర కూర్చుని "అత్తయ్యా, నేను సరదాకి అన్నాను, చెప్పేద్దామా ఆయనకు?" అని అడిగాడు. వాడికీ వద్దనే చెప్పాను. ఇప్పటికీ వాడు మా ఇంట్లో భోజనం దగ్గర హాస్యమాడడు.

ఇట్లా ఆయన దాపరికం పోయింది, నాది ఇంకొకటి మొదలైంది.

పోవడానికి వారం ముందు, ఒక మధ్యాహ్నం, మత్తు దిగి తెలివిగా ఉన్నప్పుడు నన్ను పిలిచాడు.

"ఏమే, ఆ పొద్దు అయ్యగారి చెయ్యి వణికింది. నా నెత్తిమీద వణకడం తెలుస్తాండె నాకు. ఎందుకంటావు?"

ఆ ఒక్కసారి నిజం చెప్పి ఉండవచ్చు. నోటిదాకా వచ్చింది. గొట్టం వైపు చూశాను, ఆయన మొహం చూశాను.

"ఏసీ చలికి" అన్నాను.

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. బీరువాలో చీర ఎత్తి చూసిన మనిషి ఆయన. రూము చూసి రోగమేంటో కనిపెట్టినవాడు. "అట్లనా" అని కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

సమాధి దగ్గర పాస్టరు గారు అందరి ముందూ చెప్పారు, ఈ సహోదరుడికి ఒక బిషప్ గారు చేసిన ప్రార్థన మనసుకు ఎంత సమాధానం, శాంతి ఇచ్చిందో అని. చాలామంది ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. మట్టి వేసేటప్పుడు నాకు ఒకటే అనుమానం. ఆయన నమ్మి పోయాడా, లేక తెలిసిపోయి, నా కోసం తెలియనట్టు ఉండి పోయాడా? ముందు అట్లాగే ఉన్నాడు కదా, ఇంటిల్లిపాదీ కలిసి మోసం చేస్తుంటే. ఇది చెప్పేవాడు ఇప్పుడు లేడు.

మా చర్చివాళ్ళు ఇది చదివితే చదవనీ. పాస్టరు గారు కోప్పడితే పడతాను. ఆ నాటకాల పిల్లాడు ఎప్పుడైనా చదివితే అతనికి ఒక్క మాట, నీకు ఏ పాపమూ తగలలేదు నాయనా.

ఎక్కడెక్కడ అక్షరాలు తప్పు పోయాయో నాకు తెలీదు, చాలానే పోయి ఉంటాయి. చదువు తక్కువదాన్నని అనుకుని ఈ కాగితాల్లో ఉన్న తప్పులను మన్నించండి. ఆ సాయంత్రం నేను చేతులు జోడించడం తప్పో కాదో మాత్రం నాకింకా తెలియలేదు. అదీ తప్పే అని మీకు అనిపిస్తే, దాన్ని కూడా మన్నించమని అడుగుతున్నాను.